‘పగలు లాయర్, రాత్రి రిప్పర్’ అని టైటిల్ పెట్టేయమంటారా?

ప్రశ్న: అన్నా నమస్తే. ఎల్‌ఎల్‌బి సెకండ్ ఇయర్ చదువుతున్నా, ఆదివారం వస్తే లీగ్ మ్యాచ్, మీడియం పేస్ వేస్తా. నేనూ నా ఫ్రెండూ కలిసి పాత క్రికెటర్ల కథలు చెప్పే యూట్యూబ్ ఛానల్ ఒకటి నడుపుతున్నాం. ఈసారి మాంటేగ్ డ్రూయిట్ మీద చేద్దామనుకున్నాం. విక్టోరియా రాణి కాలంలో లండన్‌లో క్లబ్ క్రికెట్ ఆడుతూ లాయర్ అయినాయన. 1888లో లండన్‌లో వరసపెట్టి ఆడవాళ్ళని చంపి ఎవరో తెలియకుండానే పోయిన హంతకుడు జాక్ ద రిప్పర్ ఉన్నాడు కదా, అది ఆయనే అని చాలామంది అంటారు. ఎడిటింగ్ చేసే మావాడు ‘పగలు లాయర్, రాత్రి రిప్పర్’ అని పెట్టేద్దాం, వ్యూస్ కుమ్మేస్తాయి అంటున్నాడు. నాకెందుకో మనసొప్పట్లేదు. ఇంకోటి, ఆయన ఫెయిలైన లాయర్ అని అన్నిచోట్లా రాస్తున్నారు, మా నాన్న కూడా నన్ను లా, క్రికెట్ రెండూ పట్టుకుంటే రెంటికీ చెడ్డ రేవడి అవుతావు అంటున్నారు. ఏం చేయమంటారు?

జవాబు: తమ్ముడూ, ముందు టైటిల్ సంగతి తేల్చేద్దాం. పెట్టొద్దు. పాపం చచ్చిపోయినాయన కదా అని జాలిపడి చెప్పట్లేదు, ఆ కేసులో సరుకు లేదు కాబట్టి చెప్తున్నా. రేపు నువ్వు నల్లకోటు వేసుకున్నాక ఇలాంటి ఫైల్ ఎవరైనా పట్టుకొస్తే మొదటి పేజీ చదివి వెనక్కిచ్చేస్తావు. సరే, సరుకు ఎందుకు లేదో తర్వాత చెప్తా, ముందు ఆ మనిషి ఎవరో చూద్దాం, ఎందుకంటే ఆయన మీద వీడియోలు చేసేవాళ్ళు చాలామంది ఆయన బతికిన 31 ఏళ్ళని ముప్ఫై సెకన్లలో దాటించేసి నేరుగా శవం దగ్గరికి వెళ్ళిపోతారు.

పూర్తి పేరు మాంటేగ్ జాన్ డ్రూయిట్. 1857 ఆగస్టు 15న ఇంగ్లండ్‌లో డోర్సెట్ కౌంటీలో వింబోర్న్ అనే చిన్న ఊళ్ళో పుట్టాడు. నాన్న ఊళ్ళో పేరున్న సర్జన్, ఏడుగురు పిల్లలు. ఈయన 13 ఏళ్ళకే స్కాలర్‌షిప్ కొట్టి వించెస్టర్ స్కూల్లో చేరాడు, అది అక్కడ తరతరాలుగా పేరుమోసిన పెద్ద స్కూలు. అక్కడ ఆయనకి రెండు పిచ్చిలు పట్టుకున్నాయి, ఒకటి ఆట, రెండోది డిబేట్. ఆటంటే క్రికెట్ ఒక్కటే కాదు, ఫైవ్స్ అని గోడకేసి బంతిని అరచేత్తో కొట్టే ఆట ఉంటుంది, దాంట్లో స్కూల్ ఛాంపియన్. డిబేట్లలో అయితే బిస్మార్క్ మీద విరుచుకుపడ్డాడు, ప్రధాని డిజ్రేలీ రాజీనామా చేయాలన్నాడు, మొదటి చార్లెస్ రాజు తల తీయించినవాళ్ళని తిట్టిపోశాడు, ఫ్యాషన్‌కి బానిసలవడం సమాజానికి చేటు అని సరదాగా ఒక టాపిక్ పెడితే కాదు పొమ్మని వాదించాడు. పదిహేడు పద్దెనిమిదేళ్ళ కుర్రాడు ఏ టాపిక్ ఇచ్చినా లేచి నిలబడేవాడన్నమాట. వీడు లాయర్ కాక ఇంకేమవుతాడు!

నీ ఛానల్‌కి పనికొచ్చే మ్యాచ్ ఇక్కడే ఒకటుంది. 1876 జూన్, వించెస్టర్‌కీ ఈటన్‌కీ మ్యాచ్. ఈటన్ టీమ్‌లో ఐవో బ్లై ఉన్నాడు, ఆరేళ్ళ తర్వాత యాషెస్ తిరిగి తెస్తానని టీమ్‌ని తీసుకుని ఆస్ట్రేలియా వెళ్ళిన కెప్టెన్ ఆయనే. కైనాస్టన్ స్టడ్ కూడా ఉన్నాడు, స్టడ్ అన్నదమ్ముల్లో ఒకడు. డ్రూయిట్ వించెస్టర్‌కి ఓపెనింగ్ బౌలర్, స్టడ్‌ని 4 పరుగులకే బౌల్డ్ చేశాడు. మ్యాచ్ మాత్రం ఈటనే గెలిచింది అనుకో. మీడియం పేస్ వేసేవాడివి కాబట్టి ఆ వికెట్ విలువ నీకు నేను చెప్పక్కర్లేదు.

అక్కణ్ణుంచి మళ్ళీ స్కాలర్‌షిప్ మీదే ఆక్స్‌ఫర్డ్ న్యూ కాలేజీ. అక్కడ కుర్రాళ్ళందరికీ ఇష్టమైనవాడు, కామన్ రూమ్‌కి స్టీవార్డ్‌గా ఎన్నుకున్నారు, 1877లో యూనివర్సిటీ ఫైవ్స్‌లో సింగిల్స్, డబుల్స్ రెండూ గెలిచాడు. చదువు మాత్రం జారుతూ వచ్చింది, 1878లో సెకండ్ క్లాస్, 1880లో డిగ్రీ చేతికొచ్చేసరికి థర్డ్ క్లాస్. (మీ నాన్నగారికి ఈ లైన్ చూపించకు.)

ఆ తర్వాత రెండు పనులు చేశాడు, ఇక్కడే ఫెయిలైన లాయర్ అన్న మాట పుట్టింది. 1880లో లండన్ ఆగ్నేయాన బ్లాక్‌హీత్‌లో ఒక ప్రైవేట్ బోర్డింగ్ స్కూల్లో అసిస్టెంట్ మాస్టర్‌గా చేరాడు, ఉండటానికి గది అక్కడే. 1882 మేలో ఇన్నర్ టెంపుల్ అనే లాయర్ల సంఘంలో పేరు నమోదు చేయించుకున్నాడు. అప్పటి పద్ధతి మన లా కాలేజీల్లాంటిది కాదు, బారిస్టర్ కావాలంటే లండన్‌లో ఇన్స్ అని పిలిచే ఇలాంటి నాలుగు సంఘాల్లో ఒకదాంట్లో చేరి, పరీక్షలతో పాటు టర్ముకిన్నిసార్లని ఆ హాల్లో కూర్చుని డిన్నర్ చేయాలి, అది లెక్కలోకొస్తుంది. నవ్వొస్తుంది గానీ నిజం. డిన్నర్లూ ఫీజులూ ఊరికే రావు కదా, నాన్న వీలునామాలో తనకి రావాల్సిన 500 పౌండ్ల వాటా మీద ముందుగానే అప్పు తీసుకున్నాడు. 1885 ఏప్రిల్ 29న బార్‌లోకి పిలుపొచ్చింది, అంటే బారిస్టర్ అయ్యాడు, అదే ఏడాది సెప్టెంబర్లో నాన్న గుండెపోటుతో పోయాడు. 16 వేల పౌండ్లు దాటిన ఆస్తిలో ఎక్కువ భాగం అమ్మకీ, పెళ్ళికాని అక్కచెల్లెళ్ళకీ, పెద్దన్నకీ వెళ్ళింది. ఈయన వాటా ఆ 500 పౌండ్లు, అందులోంచి కూడా ముందే తీసుకున్నదంతా కోసుకోమని నాన్నే రాసిపెట్టాడు.

ఇప్పుడు ఫెయిలయ్యాడా లేదా చూద్దాం. అప్పట్లో బారిస్టర్ అయిన ఎనిమిది మందిలో ఒక్కడికే ఆ పని మీద ఇల్లు గడిచేదని చెప్తారు. మన దగ్గర జూనియర్ల గతి నీకు తెలిసిందే కదా, సీనియర్ ఆఫీసులో ఫైళ్ళు మోస్తూ పెట్రోల్ డబ్బులకి ఇంట్లో చెయ్యి చాపేవాళ్ళు ఎంతమంది, అప్పుడు అక్కడా అదే కథ. దాంతో కొందరు రచయితలు ఏమనుకున్నారంటే, స్కూల్లో పాఠాలు చెప్తున్నాడంటే ప్రాక్టీస్ లేనట్టే. అంతే, అదొక్కటే ఆధారం. కానీ ఇన్నర్ టెంపుల్‌లో కింగ్స్ బెంచ్ వాక్ 9వ నంబర్లో ఛాంబర్ అద్దెకి తీసుకుని నడిపాడు, అది చవక అడ్రస్ కాదు. 1886, 1887 లా లిస్టుల్లో వెస్టర్న్ సర్క్యూట్‌లో, హాంప్‌షైర్ వైపు కోర్టుల్లో ప్రాక్టీస్ చేస్తున్నట్టు పేరుంది. సర్క్యూట్ అంటే జడ్జీలు ఊరూరా తిరిగి కోర్టు పెడుతుంటే లాయర్లు కూడా వెనకాలే వెళ్ళడం. అన్న విలియం బోర్న్‌మత్‌లో సొలిసిటర్, అంటే బారిస్టర్లకి కేసులు అప్పజెప్పే లాయర్, కాబట్టి ఆ వైపు తెలిసినవాళ్ళు లేకపోలేదు. చనిపోయేనాటికి సుమారు 2,600 పౌండ్ల ఆస్తి వదిలాడు. నాన్న దగ్గర్నుంచి దక్కింది ఎంతో చూశావు కదా, మరి అంత ఎక్కణ్ణుంచి వచ్చింది? లాయరుగా వెలిగిపోయాడు అని నేననను, కానీ మూడేళ్ళ ప్రాక్టీసుకే ఫెయిల్యూర్ ముద్ర వేయడం ఏ బార్ కౌన్సిల్ లెక్కో నాకర్థం కాదు.

ఇక క్రికెట్. నిజం చెప్పాలంటే పెద్ద స్థాయి ఆటగాడు కాడు, ఫస్ట్‌క్లాస్ మ్యాచ్ ఒక్కటీ ఆడలేదు, వీడియోలో ఇది దాచకు. కానీ ఆ కాలంలో అమెచ్యూర్ అంటే ఊరికే సరదాకి ఆడేవాడనే కాదు, అదొక హోదా. డబ్బు తీసుకుని ఆడేవాళ్ళు ప్లేయర్స్, తీసుకోనివాళ్ళు జెంటిల్‌మెన్, పెద్ద గ్రౌండ్లలో డ్రెస్సింగ్ రూములు కూడా వేరు, మనకి బాగా తెలిసిన రకం అంటూ సొంటూ వ్యవహారమే. డ్రూయిట్ జెంటిల్‌మన్ వైపు. ఇన్‌కాగ్నిటి, బటర్‌ఫ్లైస్ లాంటి క్లబ్బులకి ఆడాడు, బ్లాక్‌హీత్ క్లబ్బుకి ట్రెజరర్‌గా లెక్కలు చూశాడు, 1884 మేలో లార్డ్స్ గ్రౌండ్ ఉన్న పెద్ద క్లబ్బు ఎంసీసీలో మెంబర్‌షిప్ కూడా వచ్చింది. 1886 జూన్ 5న లార్డ్ హారిస్ తన టీమ్‌తో బ్లాక్‌హీత్ మీదకొచ్చాడు, ఇంగ్లండ్ టీమ్‌కి కెప్టెన్సీ చేసినాయన, తర్వాత 1890లో బొంబాయి గవర్నర్‌గా మన దేశానికి వచ్చినాయన కూడా. డ్రూయిట్ ఆయన్ని 14 పరుగుల దగ్గర బౌల్డ్ చేసి ఇంకో మూడు వికెట్లు తీశాడు, బ్లాక్‌హీత్ 178 పరుగులతో గెలిచింది.

మన ఆడియన్స్‌కి నచ్చేది ఇంకోటుంది, ఇది వదలొద్దు. 1888లో బొంబాయి పార్సీలు రెండోసారి ఇంగ్లండ్ టూర్ వెళ్ళారు, 1886లో మొదటిసారి వెళ్ళినప్పుడు 28 మ్యాచుల్లో ఒక్కటే గెలిచారు, ఈసారి 8 గెలిచారు, మెహల్లాషా పావ్రీ అనే ఫాస్ట్ బౌలర్ ఆ టూర్లో 170 వికెట్లు తీశాడు. ఆగస్టు 3, 4 తేదీల్లో బోర్న్‌మత్‌లో జరిగిన మ్యాచ్‌లో అవతల బోర్న్‌మత్ జెంటిల్‌మెన్ టీమ్‌లో మన డ్రూయిట్. మొదటి ఇన్నింగ్స్‌లో పార్సీల వికెట్లు ఐదు తీశాడు, అయినా మ్యాచ్ పార్సీలే గెలిచారు. మీది క్రికెట్ ఛానల్ కదా, రిప్పర్ గొడవంతా పక్కన పెట్టి ఈ ఒక్క మ్యాచ్ మీదే ఎపిసోడ్ చేసినా నేను చూస్తా.

ఇక ఆ ఏడాది రెండో సగం. 1888 జూలైలో అమ్మ ఆన్‌ని మానసిక చికిత్సాలయంలో చేర్చారు. ఆగస్టు 31 నుంచి నవంబర్ 9 లోపు లండన్ తూర్పున వైట్‌చాపెల్ చుట్టుపక్కల ఐదుగురు ఆడవాళ్ళు హత్యకి గురయ్యారు, రిప్పర్ ఖాతాలో వేసేవి అవే. నవంబర్ 30 శుక్రవారం స్కూలువాళ్ళు డ్రూయిట్‌ని ఉద్యోగంలోంచి తీసేశారు. డిసెంబర్ 21న క్లబ్బువాళ్ళు ఈయన దేశం వదిలి వెళ్ళిపోయాడనుకుని పదవిలోంచి తప్పించి మినిట్స్ బుక్‌లో రాసుకున్నారు. డిసెంబర్ 31న చిజిక్ దగ్గర థేమ్స్‌లో శవం తేలింది, జేబుల్లో రాళ్ళు, 50 పౌండ్ల చెక్కు, వెండి వాచీ, డిసెంబర్ 1 తారీఖుతో హామర్‌స్మిత్‌కి రిటర్న్ టికెట్. జనవరి 2న ఇంక్వెస్ట్, అంటే చావుకి కారణం తేల్చే విచారణ, మతిస్థిమితం లేని స్థితిలో చేసుకున్న ఆత్మహత్య అని తేల్చారు. వింబోర్న్‌లో పూడ్చారు. శుక్రవారం నుంచి నేనూ అమ్మలా అయిపోతానేమో అనిపిస్తోంది అని రాసిపెట్టిన చీటీ ఒకటి దొరికింది.

ఉద్యోగం ఎందుకు పోయిందో చెప్పే కాగితం ఒక్కటీ లేదు. అన్న విలియం ఇంక్వెస్ట్‌లో చెప్పినదాన్ని పేపర్ వేసింది, స్కూల్లో ఏదో పెద్ద చిక్కులో పడ్డాడట, అంతవరకే. ఆ వార్తలోనే ఉద్యోగం పోయిన తేదీ డిసెంబర్ 30 అని అచ్చయింది, అంటే నెల రోజులుగా నీళ్ళల్లో ఉన్న మనిషిని శవం దొరికే ముందురోజు ఉద్యోగంలోంచి తీసేసినట్టు! నవంబర్ 30 అనేది టికెట్ తారీఖునీ, చీటీలో శుక్రవారాన్నీ చూసి వేసుకున్న లెక్క. ఈ ఖాళీని జనం ఎవరికి తోచినట్టు వాళ్ళు నింపేశారు. మీరు నింపకండి, తెలియదు అని చెప్పి ముందుకెళ్ళండి.

గమనించావా, ఇంతవరకు రిప్పర్ ఊసే లేదు. పేరెక్కడ తగులుకుందంటే 1894 ఫిబ్రవరిలో, ఆయన పోయిన ఐదేళ్ళకి. అప్పుడొక పేపర్ ఇంకెవర్నో రిప్పర్ అని రాస్తే లండన్ పోలీసుల హెడ్డాఫీసు స్కాట్లండ్ యార్డ్‌లో మెల్విల్ మెక్‌నాటన్ అనే ఆఫీసర్ అతను కాదని చెప్పడానికి లోపలి నోట్ ఒకటి తయారు చేశాడు, అతనికంటే వీళ్ళ మీద అనుమానం ఎక్కువ అని ముగ్గురి పేర్లు రాశాడు, అందులో డ్రూయిట్ ఒకడు. మూలం అదే. ఈయన డాక్టరట అని రాశాడు, కాదు, లాయరూ టీచరూ. ఒక ప్రతిలో వయసు 41 అని ఉంది, చనిపోయినప్పుడు 31. చివరి హత్య సమయానికే మాయమైపోయాడన్నాడు, నవంబర్ 30 దాకా స్కూల్లో ఉద్యోగం చేస్తున్నాడు. ప్రైవేటుగా అందిన సమాచారం ప్రకారం సొంత కుటుంబమే ఇతన్ని అనుమానించింది అన్నాడు, ఆ సమాచారం ఎవరిచ్చారో ఏమిటో రాయలేదు. పైగా మెక్‌నాటన్ పోలీసు శాఖలోకి వచ్చిందే 1889 జూన్‌లో, హత్యలన్నీ అయిపోయాక. ఎవిడెన్స్ క్లాస్‌లో వినికిడి సాక్ష్యం గురించి చెప్పే ఉంటారు కదా, ఇది దానికి కూడా ఒక మెట్టు కింద. క్రాస్ ఎగ్జామినేషన్‌లో ఐదు నిమిషాలు నిలబడదు. ఆ హత్యల మీద నేలమీద తిరిగి పనిచేసిన ఇన్‌స్పెక్టర్ ఆబర్లైన్ 1903లో అడిగితే, ఆ సమయంలో శవం దొరకడం తప్ప అతనికి వ్యతిరేకంగా ఏమీ లేదని కొట్టిపారేశాడు.

అలాగని రెండో వైపు కూడా జారిపోకు. డ్రూయిట్ అభిమానులు కొందరు క్రికెట్ స్కోర్‌బోర్డు చూపించి ఇదిగో అలిబై, అంటే హత్య జరిగినప్పుడు వేరేచోట ఉన్నాడనడానికి రుజువు అంటారు. సెప్టెంబర్ 8 తెల్లవారుజామున వైట్‌చాపెల్‌లో ఆనీ చాప్‌మన్ హత్య, అదే రోజు పదకొండున్నరకి బ్లాక్‌హీత్‌లో మ్యాచ్, డ్రూయిట్ ఆడాడు, స్టాన్లీ క్రిస్టోఫర్‌సన్ బౌలింగ్‌లో బౌల్డ్ అయ్యి తిరిగి అతన్నీ బౌల్డ్ చేశాడు. మధ్యలో ఆరు గంటలు. లండన్‌లో ఆ దూరానికి ఆరు గంటలు ఎక్కువే, దీన్ని అలిబై అంటే జడ్జిగారు కళ్ళజోడు దించి చూస్తారు. మొదటి హత్య జరిగిన మర్నాడు డోర్సెట్‌లో మ్యాచ్, ఒకే రాత్రి రెండు హత్యలు జరిగిన మర్నాడు పశ్చిమాన ఊళ్ళో క్లయింట్ తరఫున కోర్టులో వాదన, ఇవన్నీ ఉన్నాయి. ఏదీ అసాధ్యం అని తేల్చదు. కానీ రుజువు చేయాల్సింది ఆరోపించినవాళ్ళు, డ్రూయిట్ కాదు, ఇది నీకు ఫస్ట్ ఇయర్‌లోనే చెప్పారు. వీడియోలో ఈ మ్యాచుల్ని అలిబైగా వాడకుండా ఆ వారాల్లో మనిషి ఏం చేస్తున్నాడో చూపించడానికి వాడు. బౌలింగ్ వేస్తున్నాడు, కోర్టుకెళ్తున్నాడు, పిల్లలకి పాఠాలు చెప్తున్నాడు, అమ్మ ఆసుపత్రిలో ఉంది. నాకు తెలిసింది ఇదే అని చెప్పు.

రిప్పర్ మాట ఎత్తకుండా చేయమని మాత్రం అనట్లేదు, అది దాస్తే కామెంట్లలో వాయించేస్తారు. చివరి మూడో వంతులో పెట్టు, మెక్‌నాటన్ నోట్‌లో తప్పులు ఒక్కోటీ స్క్రీన్ మీద వేసి చూపించు, మీవాడి ఎడిటింగ్ టాలెంట్ అంతా అక్కడ వాడమను. ఆ చీటీని మాత్రం వణికే గొంతుతో, వెనకాల మ్యూజిక్ వేసి చదవొద్దు. ఒక్క వాక్యంలో విషయం చెప్పి వదిలెయ్, చూసేవాళ్ళలో అదే భయంతో బతికేవాళ్ళు ఉంటారు. హత్యకి గురైన ఆ ఐదుగురి పేర్లు కూడా చెప్పు, మేరీ ఆన్ నికల్స్, ఆనీ చాప్‌మన్, ఎలిజబెత్ స్ట్రైడ్, కాథరీన్ ఎడ్డోస్, మేరీ జేన్ కెల్లీ.

మీ నాన్నగారి సంగతి. డ్రూయిట్ రెండు పట్టుకోలేదు, మూడు పట్టుకున్నాడు, బడి, కోర్టు, క్రికెట్. అవి ఎనిమిదేళ్ళు ఎలా సాగాయంటే, స్కూల్ ఉండటానికి గదీ జీతమూ ఇచ్చింది, ఆగస్టు సెప్టెంబర్లలో కోర్టులకి పొడుగు సెలవులు ఉండేవి, కొన్ని మ్యాచులు అప్పుడు పడేవి, నాన్న సొమ్ము మీద ముందే కొంత చేతికొచ్చింది. నీకు ఈ మూడిట్లో ఏవి ఉన్నాయో చూసుకో. ఆదివారం మ్యాచ్ వల్ల ఎవడి లా చదువూ పోదు. పోయేది ఎక్కడంటే మ్యాచ్, ప్రాక్టీస్, ఛానల్ షూటింగ్, ఎడిటింగ్, కామెంట్లకి రిప్లైలు అని వారంలో నాలుగు రోజులు ఎగిరిపోతే. నాన్నతో డ్రూయిట్ గురించి వాదించకుండా ఈ సెమిస్టర్ మార్కులు పెట్టి మాట్లాడు, ఎన్‌రోల్ అయ్యాక మొదటి రెండేళ్ళు ఖర్చులకి డబ్బు ఎలా వస్తుందో కూడా ఇప్పుడే అడుగు, ఆయన అసలు భయం అదే అయ్యుంటుంది.

థంబ్‌నెయిల్‌కి డ్రూయిట్ కుర్రతనంలో తీయించుకున్న ఫొటో ఒకటి దొరుకుతుంది, మధ్యపాపిడి తీసి శుభ్రంగా దువ్వుకుని ఉంటాడు. అది పెట్టండి, చేతిలో కత్తి మాత్రం అతికించొద్దని మీ ఎడిటర్‌కి చెప్పు. టైటిల్‌కి నా సలహా: ‘లార్డ్ హారిస్‌ని బౌల్డ్ చేసిన లాయర్’. వ్యూస్ తగ్గితే నన్ను తిట్టుకో.